ఎదురుకాళ్ళ మస్తాన్‌బీకి నడుం పట్టేసింది

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవి. బందరులో నా ఫిజియోథెరపీ క్లినిక్‌లోకి పెడన నుంచి మస్తాన్‌బీ గోడ పట్టుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి. కలంకారీ అద్దకం పని. రోజంతా బల్ల మీదికి వంగి చీరల మీద అచ్చులు వెయ్యాలి. నెల నుంచి నడుం పట్టేసి పనికి వెళ్ళడం లేదు.

"ఆపరేషనంటారా అమ్మా? అదే అయితే ఇప్పుడే చెప్పెయ్యండి. ఇక అద్దకానికి రాలేనని కబురు పెట్టేస్తాను" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పడుకోబెట్టి కాలు తిన్నగా పైకి లేపి చూశాను. దీన్ని స్ట్రెయిట్ లెగ్ రెయిజ్ టెస్ట్ అంటాం. నరం నొక్కుకుపోతే నొప్పి కాల్లోకి జివ్వున లాగుతుంది. లాగలేదు. తిమ్మిర్లూ లేవు. హమ్మయ్య అనుకున్నాను. మజిల్ స్పాజమ్, అంటే కండరం బిగుసుకుపోయింది, అంతే.

"ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?" అన్నాను.

తోడొచ్చిన కోడలికి నవ్వాగలేదు. "మా అత్త ఎదురుకాళ్ళతో పుట్టిందండీ. అలాంటివాళ్ళు కాలితో తంతే నడుంనొప్పి పోతుందంటారు కదా, మా వీధిలో ఎవరికి పట్టేసినా ఈవిడ దగ్గరికే వస్తారు. మరి ఈవిణ్ణి ఎవరు తన్నాలి? గుడివాడలో ఇంకో ఎదురుకాళ్ళాయన ఉన్నాడంటే వెళ్ళొచ్చాం. ఆయన తన్నిన తన్నుకి ఉన్న నొప్పి రెండింతలైంది."

నాకు ఒళ్ళు మండింది. "నొప్పున్న నడుం మీద తన్నులేమిటమ్మా, చోద్యం కాకపోతే!"

"నేనెవర్నీ తన్నను. ఊరికే ఆనిస్తానంతే" అంది మస్తాన్‌బీ చిన్నబుచ్చుకుని.

ఆమెని గోడకి చేర్చి నిలబెట్టి, గోడకీ నడుముకీ మధ్య టెన్నిస్ బంతి పెట్టాను. "వెన్నెముక మీద వద్దు, పక్కనున్న కండ మీదే. మోకాళ్ళు కాస్త వంచి మెల్లిగా పైకీ కిందికీ జరగండి. పోటొచ్చినా, కాలు తిమ్మిరెక్కినా ఆపెయ్యాలి."

కళ్ళు మూసుకుని జరిగింది. కాసేపటికి "యా అల్లా, వదులుతోందమ్మా!" అని పెద్దగా ఊపిరి వదిలింది.

"గోడే తంతోంది అత్తా!" అంది కోడలు. ముగ్గురం నవ్వాం.

రోజూ ఇంట్లో అలాగే చెయ్యమన్నాను. పనిలో మధ్యమధ్య నడుం నిటారుగా పెట్టి నాలుగడుగులు వెయ్యమన్నాను. నెల తిరక్కుండా మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళింది.

తర్వాత చీర కొనడానికి పెడన వెళ్ళి, పనిలో పనిగా వాళ్ళింటికీ వెళ్ళాను. అరుగు మీద ఓ ట్రాక్టరు డ్రైవరు బోర్లా పడుకుని ఉన్నాడు. మస్తాన్‌బీ అతని నడుముకి పాదం అలా ఆనించి తీసేసింది. నేను నోరు తెరవబోయేలోగా అతన్ని లేపి, గోడకి నిలబెట్టి, వీపు వెనక బంతి పెట్టింది. "ఎముక మీద కాదు బాబూ, కండ మీద!"

"మరి కాలెందుకమ్మా?" అన్నాను.

"కాలు ఆనించకుండా బంతిస్తే పిల్లలకి ఆడుకోడానికి ఇచ్చేస్తారమ్మా. ఇప్పుడైతే చేస్తాడు."

నిజమే. నేనిచ్చిన బంతులు ఎన్ని క్రికెట్‌కి పోయాయో నాకు తెలుసు. వైద్యం ఎంత మంచిదైనా, నమ్మిన మనిషి చెబితేనే ఇంటిదాకా వెళుతుంది.

కాలు తిమ్మిరెక్కుతోందన్నవాళ్ళని మాత్రం ఆవిడ ముట్టుకోదు. "ఇది నా కాలికి లొంగేది కాదు, బందరు వెళ్ళు" అని నా దగ్గరికి పంపిస్తుంది. ఇప్పుడు పెడన నుంచి మామూలుగా కండరం పట్టేసి ఎవరొచ్చినా, బంతి చేతిలో పెట్టేముందు నేనడిగేది ఒకటే: "మస్తాన్‌బీ గారు కాలు ఆనించారా?"