రత్నాబాయి అతికిన రష్యా సంగీతం

బొంబాయి కామాటిపుర ఎనిమిదో గల్లీలో, వరస గదుల పాత చాళ్ ఒకదాని కింది అంతస్తులో బైండింగ్ దుకాణం ఉంది. బోర్డు మీద బాలనర్సయ్య పేరే కనిపిస్తుంది కాని ఏడేళ్లుగా అక్కడ పనంతా ఆయన భార్య రత్నాబాయిదే. షుగరు వల్ల బాలనర్సయ్యకు చూపు మందగించింది. వెలుతురూ, మనుషుల ఆకారాలూ తెలుస్తాయి గాని సూదిలోకి దారం ఎక్కదు. ఆయన గుమ్మం పక్కన స్టూలు మీద కూచుని వచ్చేపోయేవాళ్లను పలకరిస్తుంటే, లోపల ఆమె కాగితాలు మడుస్తుంది, కుడుతుంది, అట్ట వేస్తుంది.

పాలమూరు నుంచి వచ్చి ఈ నగరం గోడలు కట్టినవాళ్ల మునిమనవరాలు ఆమె. వర్లిలో మిల్లు చాళ్లో పుట్టింది. మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. పెళ్లయి ఈ దుకాణంలోకి వచ్చిన మొదటి రోజు మామగారు ఆమె ముందు చిత్తుకాగితాల కట్ట పెట్టి "మడ్వు" అన్నాడట. ఆరు నెలలు మడతలే. కాగితంలో నార ఒక వైపుకే సాగి ఉంటుందనీ, దాని వెంట మడిస్తే మాట వింటుందనీ, అడ్డంగా మడిస్తే విరుగుతుందనీ చేతికి తెలిశాక గాని సూది ఇవ్వలేదు. ఇప్పుడామెకు యాభై తొమ్మిదేళ్లు. కళ్లు మూసుకుని కాగితం రెండు వేళ్ల మధ్య రుద్దితే అది ఏ రకమో, ఎంత పాతదో చెప్పేస్తుంది.

ఐదేళ్ల కింద ఒక ఆదివారం హితేష్ ఆ దుకాణానికి వచ్చాడు. వర్లి తెలుగువాళ్ల అబ్బాయే. బ్యాంకులో ఉద్యోగం. ఆదివారాలు వయోలా వాయిస్తాడు. అది వయొలిన్ కన్నా కాస్త పెద్దది, గొంతు కాస్త కింద పలుకుతుంది. బైకుల్లాలో ఒక బడి హాల్లో అతనిలాంటి వాళ్లు నలభై యాభై మంది చేరి ఆర్కెస్ట్రా నడుపుకుంటున్నారు. టీచర్లు, నర్సులు, ఇద్దరు రైల్వే వాళ్లు. వాళ్ల కాగితాలన్నీ భద్రపరిచే పని హితేష్‌ది. ఆ రోజు అతను తెచ్చిన సంచిలో నలభై మూడు కట్టలున్నాయి.

"ఇదేం లిపి బిడ్డా? మరాఠీ గాదు, ఇంగ్లీషు గాదు" అంది రత్నాబాయి, పైనున్న కాగితం చూసి.

"రష్యన్ అత్తా. నాకు భీ రాదు. స్వరాల చుక్కలు మాత్రం అందరికీ ఒకటే" అన్నాడు హితేష్.

ఆ కాగితాల వెనక ఒక వయొలిన్ మాస్టారు ఉన్నాడు. బైకుల్లాలోనే పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. ఒకప్పుడు బొంబాయిలో రష్యా పుస్తకాలు కూరగాయలంత చవకగా దొరికే రోజుల్లో ఒక బ్యాలే సంగీతం మొత్తం, ఏ వాద్యానికి ఆ వాద్యం విడివిడిగా అచ్చేసిన పార్టులు, ఆయన కొన్నాడు. అందులో తనకు నచ్చినవి కత్తిరించి, తన వరుసలో మందపాటి కాగితాల మీద అతికించి, ఆర్కెస్ట్రాతో వాయింపజేశాడు. చనిపోయే ముందు అన్నీ వీళ్లకే ఇచ్చి పోయాడు.

"బ్యాలే అంటే డాన్సుతోని చెప్పే కత. మూడు గంటలు నడుస్తది" అని హితేష్ వివరించాడు. "మా దగ్గర డాన్సర్లు ఎక్కడున్నరు? అందుకే సర్ దాంట్లకెళ్లి ఏడు ముక్కలు తీసి ఒకదాని ఎనక ఒకటి పెట్టిండు. దాన్ని సూట్ అంటరు. కుర్చీలల్ల కూసొని వాయించుడే."

"అంటే ఆట తీసేసి పాట ఉంచిండు" అంది రత్నాబాయి.

"బరోబర్."

గుమ్మం దగ్గర్నుంచి బాలనర్సయ్య అడిగాడు. "ఆట లేకుంటే కత ఎట్ల సమజైతది?"

"సమజ్ గాకున్నా నడుస్తది మామా. ఇనేటోళ్లు ఎవరి కత వాళ్లు అనుకుంటరు."

బాలనర్సయ్యకు ఆ జవాబు నచ్చలేదు. ఎవరి కథ వాళ్లనుకుంటే ఇక చెప్పడం ఎందుకన్నాడు.

ఆ నలభై మూడు పార్టుల్నీ కుట్టి అట్టలు వేయడానికి రత్నాబాయికి నెల పట్టింది. చదవడం రాకపోయినా చూసి చూసి కొన్ని సంగతులు పట్టింది. వయొలిన్ల కాగితాలు చీమలు పట్టినట్టు నల్లగా ఉంటాయి. బేస్ క్లారినెట్ అనే ఊదే వాద్యం పార్టులో తెల్ల కాగితమే ఎక్కువ. ఆ మనిషి చాలాసేపు ఊరికే కూర్చుంటాడన్నమాట. ఒకచోట రెండు కాగితాలు తారుమారుగా కుట్టబోయి ఆగి, హితేష్‌కు ఫోన్ చేసింది.

"బిడ్డా, పేజీ తిప్పేటప్పుడు ఒక చెయ్యి ఖాళీ ఉండాలె గద. ఇట్ల కుడితే వాయించుకుంట వాయించుకుంట తిప్పాలె. ఎట్ల తిప్పుతరు?"

 పేజీ చివర విరామం వచ్చేలా మాస్టారు అతికించిన సంగతి అప్పటిదాకా హితేష్‌కే తెలియదు.

ఆ తర్వాత ఏ పేజీ చిరిగినా ఆమె దగ్గరికే వచ్చేది. కచేరీకి రమ్మని ఏటా పిలిచేవాడు. ఆమె వెళ్లలేదు. మొగుడి సూది మందు వేళ అని ఒకసారి, పని ఉందని ఒకసారి. అసలు కారణం వేరు. అలాంటి హాల్లో ఏం కట్టుకుని, ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియదు.

నిరుడు జులైలో మూడు రోజులు వాన తెరిపి ఇవ్వలేదు. బడి హాలు కింది గదిలోకి నీళ్లొచ్చాయి. ఎవరూ చూసుకోలేదు. నాలుగో రోజు హితేష్ టాక్సీలో ఒక ప్లాస్టిక్ టబ్బు తెచ్చి దుకాణంలో దించాడు. తడిసిన అట్టలు ఉబ్బిపోయాయి. మాస్టారు వాడిన జిగురు కరిగి, అతికించిన ముక్కలన్నీ ఊడి ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. అచ్చు చెక్కుచెదరలేదు గాని, ఏ ముక్క తర్వాత ఏదో చెప్పడానికి ఆయన పెన్నుతో వేసిన అంకెలన్నీ నీలం మరకలైపోయాయి.

"అత్తా, ఇది ఖతమే గదా?"

ఆమె పైకాగితం కొసను వేలితో ఎత్తి చూసింది. "నాలుగు దినాలు దీన్ని ఎవరూ ముట్టద్దు. నువ్వు భీ ముట్టద్దు" అంది.

అచ్చు పడని న్యూస్‌ప్రింట్ తెప్పించి, ప్రతి ముక్క కిందా పైనా ఒక్కొక్కటి వేసి, గంటకోసారి మార్చింది. దుకాణంలో జాగా చాలక పైన ఇంట్లో మంచం మీదా, మెట్ల పక్కనా పరిచింది. చాళ్లోవాళ్లు పది రోజులు గోడవారగా నడిచారు. బాలనర్సయ్య ఫ్యాను ముందు కూచుని, ఎగరబోయిన కాగితాన్ని చప్పుడు బట్టి పట్టుకునేవాడు.

ఆరాక అసలు చిక్కు మొదలైంది. ఏడు ముక్కల పేర్లు పాత కచేరీ కాగితం ఒకదానిలో దొరికాయి. వాటి వరుస తెలిసింది. కాని వాటి మధ్య మాస్టారు చిన్న చిన్న వంతెనలు వేశాడు. రెండేసి వరుసల ముక్కలు, బ్యాలేలో ఎక్కడెక్కడివో తెచ్చి అతికినవి. అవి నాలుగున్నాయి. సూట్ మొత్తంగా వాయించి ఏళ్లయింది, ఏది ఎక్కడిదో ఎవరికీ సరిగా గుర్తు లేదు. వరుస రాసుకున్న ఆయన పుస్తకం కూడా నీళ్లలోనే పోయింది. ముందు నిలబడి ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ ఒక పార్సీ పెద్దావిడ. ఆవిడా హితేష్ కూచుని ఒక వరుస అనుకున్నారు. అది రాసుకుని హితేష్ దుకాణానికి వచ్చాడు.

అప్పటికి రత్నాబాయి బేస్ క్లారినెట్ పార్టును బల్లమీద పరిచి ఉంచింది.

"మీరనుకున్నది తప్పు" అంది. "ఇది జూడు. సారు అతికినంక ఎప్పుడో ఒక పురుగు ఈ బుక్కును అట్టనుంచి అట్టదాకా తొలిచింది. తొలుచుకుంట తొలుచుకుంట కొంచెం కొంచెం కుడికి జరిగింది. మొదటి పేజీల బొక్క ఇక్కడ, ఆఖరు పేజీల ఇక్కడ. ఈ చిన్న ముక్క మీద బొక్క చూసినవా? ఐదో దానికీ ఆరో దానికీ మధ్యల సరిగ్గ కూసుంటది. మీరు రెండో దాని ఎనక పెట్టిన్రు. ఆడ పెడితే పురుగు దుంకి వచ్చిందనాలె."

హితేష్ ఒక్కొక్క ముక్కనూ వెలుతురుకు ఎత్తి చూశాడు. నాలుగు వంతెనలకూ చోటు దొరికింది. ఒక్క పార్టు వరుస తెలిస్తే మిగిలిన నలభై రెండూ దాన్నిబట్టి పెట్టవచ్చు.

కండక్టరమ్మ నమ్మలేదు. ఐదో ముక్క నెమ్మదిగా సాగే పాట, ఆరోది గిరగిర తిరిగే నాట్యం, వాటి మధ్య ఇది అతకదని హితేష్‌తో ఇంగ్లీషులో అంది. వాయించి చూద్దాం, ఆ బైండర్‌ను కూడా రమ్మను అంది. ఈసారి రత్నాబాయికి సాకు దొరకలేదు. తను చెప్పిన మాట తేలేది అక్కడే.

సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున రోజూ కట్టుకునే నూలుచీరలోనే వెళ్లింది. తలుపు దగ్గరి కుర్చీలో కూచుంది. తను అతికిన పార్టులు నలభై మూడు స్టాండ్ల మీద తెరిచి ఉన్నాయి. ఇన్నాళ్లూ బల్లమీద పడుకుని ఉండగా చూసినవి నిలబడి కనిపించేసరికి ఆమెకు కొత్తగా అనిపించింది.

మొదట ఆమె ఏమీ వినలేదు. చేతుల్నే చూసింది. పేజీ తిప్పేచోట తిప్పుతున్నారా, కుట్టు పట్టేస్తోందా, ఎక్కడైనా లేస్తోందా అని. నాలుగో ముక్క దాకా అలాగే గడిచింది. ఐదో ముక్క మొదలయ్యాక చేతులు చూడడం మానేసింది. వయొలిన్లు సన్నగా ఆగిపోయాయి. అంతసేపూ ఒడిలో వాద్యం పెట్టుకుని కూచున్న మేఘా అనే నర్సు బేస్ క్లారినెట్ ఎత్తింది. ఆ పదకొండు ఆవర్తాల వంతెన ముక్క ఆమెదే. కింది గొంతులో, ఎవరో మెట్లు దిగుతున్నట్టు ఒక్కొక్క స్వరమే దిగి, చివరి మెట్టు మీద ఆగింది. అదే స్వరం మీద ఆరో ముక్క లేచి తిరగడం మొదలుపెట్టింది.

కండక్టరమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. తలుపు వైపు తిరిగి హిందీలో, "ఇది ఇక్కడిదే, మీరన్నదే నిజం" అంది.

అందరూ తిరిగి చూశారు. రత్నాబాయి లేచి నిలబడి, ఏం చేయాలో తెలియక మళ్లీ కూచుంది. ఆ ఆరో ముక్క ఇంకోసారి వాయిస్తే బాగుండునని మాత్రం అనుకుంది. నోరు తెరిచి అడగలేదు. వాళ్లే వాయించారు.

ఇంటికొచ్చాక బాలనర్సయ్య ఎలా ఉందని అడిగాడు.

"అతుకు ఇనబడలే" అంది.

"అది గాదే. పాట ఎట్లుంది?"

ఆమెకు పోలిక ఏదీ దొరకలేదు. "నువ్వే వచ్చి ఇను" అంది.

డిసెంబరు కచేరీకి ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ముందు వరుసలో చోటు ఉంచారు. కచేరీ కాగితం మీద ఆమె పేరు అచ్చేశారని హితేష్ చూపించాడు. ఇంగ్లీషులో ఉంది. అక్షరాల కింద వేలు పెట్టి హితేష్ చదివితే తల ఊపింది. వేదిక మీద అంతమంది ఉన్నారని బాలనర్సయ్యకు చప్పుడు బట్టే తెలిసింది. మొదట్లో ఆమె చెవిలో, "ఎంతమంది ఉన్నరు? అందరూ ఒకేసారి ఎట్ల ఆగిన్రు?" అని అడుగుతూ పోయాడు. తర్వాత అడగడం మానేశాడు. ఆమె ఓసారి పక్కకు చూస్తే, ఆయన కళ్లు మూసుకుని, గడ్డం ఎత్తి, మోకాలి మీద రెండు వేళ్లు ఆడిస్తున్నాడు.

ఆ ఏడాది చివర్లో హితేష్ ఆ సూట్ మొత్తం కంప్యూటర్‌లో కొట్టించాడు. ఇక నీళ్లొచ్చినా పోదు. కొత్త పార్టులు తెల్లగా, బాగా కనబడేలా ఉన్నాయి. పాతవాటిని ఒక బీరువాలో పెట్టేశారు. ఆ సంగతి చెప్పడానికి వచ్చినప్పుడు అతను కొంచెం జంకాడు. రత్నాబాయి కొత్త కాగితాన్ని వేళ్ల మధ్య రుద్ది, "నార అడ్డం పెట్టి అచ్చేసిన్రు. రెండేండ్లల్ల ఇరుగుతయి" అంది. మళ్లీ అచ్చేయించారు. వాటినీ ఆమే కుట్టింది.

బాలనర్సయ్యకు మాత్రం ఒక సందేహం ఉండిపోయింది. మూడు గంటల ఆటలోంచి ముప్పావు గంట తీస్తే మిగిలింది ఏమైనట్టు అని హితేష్‌ను పట్టుకున్నాడు. హితేష్ ఆ బ్యాలే సంగీతం మొత్తం ఉన్న రికార్డింగ్ ఫోన్లో పెట్టి ఇచ్చాడు. ఇప్పుడు మధ్యాహ్నం అన్నాలయ్యాక దుకాణంలో రోజుకు ఇరవై నిమిషాల చొప్పున అది మోగుతుంది. ఆయన గుమ్మం దగ్గర, ఆమె బల్ల దగ్గర.

నాకు ఒక నోటుబుక్ బైండింగ్ పని ఉండి మొన్న వెళ్లినప్పుడు బ్యాలే రెండో అంకం నడుస్తోంది. రత్నాబాయి కుడుతున్న చెయ్యి ఆపి, "ఇగో ఈడ కోసిండు సారు" అంది. తర్వాత సూట్‌లో లేని భాగం వచ్చింది. సన్నటి పాట, రెండు నిమిషాలుంటుందేమో. 

"ఇంత మంచిది ఎందుకిడిసిండో" అన్నాడు బాలనర్సయ్య.

"ఆయనకు దీన్ని అతికే జాగా దొరకకపోయి ఉంటది" అంది ఆమె, దారం కొరికి, నా నోటుబుక్ అందుకుంటూ.