ఫెలెతి పక్కన ముందు సీటు

విమానం ఎక్కేముందు మనిషిని తూకం వేసేది నేనే. టోంగా దేశంలోని మా ఎయువా దీవిలో ఉత్త మాకా అంటే ఎవరికీ తెలియదు గానీ, కాటా మాకా అంటే నిన్న పుట్టిన పిల్లాడికీ తెలుసు. తొమ్మిది మంది పట్టే చిన్న విమానం మాది. ఎవరి బరువెంతో తెలియకుండా ఎవర్ని ఎక్కడ కూర్చోబెడతాం? ఆడవాళ్లు సంచులు, చెప్పులు, చివరికి మర్యాద కోసం మొలకి చుట్టుకున్న చాప కూడా కింద పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఊపిరి బిగబడితే బరువు తగ్గుతుందని వీళ్లకెవరు చెప్పారో నాకు తెలియదు.

రాజధానికి విమానంలో ఎనిమిది నిమిషాలు. ఓడలో రెండున్నర గంటలు, అదీ వాంతులతో. ఆ ఎనిమిది నిమిషాలకి పదమూడేళ్లుగా మా వాళ్లు కోరి కోరి అడిగే పైలట్ ఫెలెతి. మా ఊరివాడు, నాతో బడికెళ్లినవాడు. పైలట్ పక్కన ముందు సీటొకటి ఉంటుంది. దాని కోసం నా కాటా దగ్గర జరిగినన్ని గొడవలు పెళ్లిళ్లలో కూడా జరగవు. కలొలైనె అత్త వచ్చిన రోజు మాత్రం గొడవే ఉండదు. ఆ సీటు ఆవిడదే.

ఆవిడ ఫెలెతి తండ్రికి అక్క. మా టోంగాలో మేనత్త మాటంటే మాటే. మేనల్లుడు ఎంతవాడైనా ఆవిడకి ఎదురు చెప్పడం, ఆవిడ మీద గొంతు లేపడం ఉండదు. పైగా తల్లి లేని ఫెలెతిని కంటికి రెప్పలా పెంచింది ఆవిడే. అతని తండ్రికి నీటికాసుల జబ్బు వచ్చి, చూపు అంచుల నుంచి మెల్లగా తరిగిపోయి, చివరికి చీకటే మిగిలితే, పన్నెండేళ్లు చెయ్యి పట్టుకుని చర్చికి నడిపించిందీ ఆవిడే.

అదే జబ్బు కొడుక్కీ వచ్చింది. నలభై రెండో ఏట, పైలట్లకి ఏటేటా చేసే పరీక్షలో, ఇరవై దాటకూడని కంటి ఒత్తిడి ముప్పై ఉందని తేలింది. అతనికి ఏ బాధా లేదు. ఆ జబ్బు గుణమే అంత, చూపు పోయేదాకా పోతున్నట్టు తెలియదు. విమానం నడపడం ఆపమన్నారు, ఆపాడు. ఆక్లండ్ వెళ్లి రెండు కళ్లకీ లేజర్ చేయించుకున్నాడు. గడ్డం ఒక దిమ్మ మీద ఆనించమన్నారట, కంటికి అద్దమొకటి అదిమారట, పచ్చటి మెరుపులు టిక్కు టిక్కుమన్నాయట, అంతే. కోతా లేదు, కుట్టూ లేదు. కంట్లో నీరు బయటికి పోయే దారిని బాగుచేస్తారని, తూములో చెత్త తీసినట్టేనని నాకు చెప్పాడు. ఆరు వారాలకి ఒత్తిడి పదహారుకి దిగింది. చూపు అంచులు ఎంతవరకు కనిపిస్తున్నాయో చూసే పరీక్షలోనూ నెగ్గాడు. ఆరు నెలలకోసారి చూపించుకోవాలన్న షరతు మీద లైసెన్సు తిరిగిచ్చారు.

ఈ సంగతి దీవిలో ఇద్దరికే చెప్పాడు. ఒకణ్ణి నేను. రెండో మనిషి అత్త. ఆవిడ దీవెన లేకుండా అంత దూరం ఎలా వెళతాడు? మిగతావాళ్లంతా ఏదో శిక్షణకి వెళ్లాడనుకున్నారు. ఎవరికీ చెప్పొద్దని ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాడు.

"నేనెవరికి చెప్తాన్రా," అందావిడ, "దేవుడికి తప్ప."

అన్నట్టే దేవుడికే చెప్పింది. ఆదివారం పొద్దున, నిండు చర్చిలో, లేచి నిలబడి చెప్పింది. ఆదివారం మా దేశంలో విమానాలు ఎగరవు, ఫెలెతి రాజధానిలో ఉండిపోయాడు. నేను మూడో వరసలో ఉన్నాను. ప్రభువా, నా తమ్ముడి చూపు తీసుకున్నావు, వాడి కొడుకునైనా వదిలిపెట్టు, డాక్టర్లు నా బిడ్డ కళ్లు రెండూ మంటతో కాల్చారు, ఆ కళ్లతోనే విమానం నడుపుతున్నాడు తండ్రీ, అని వెక్కి వెక్కి ఏడ్చింది. చర్చి మొత్తం ఆమెన్ అంది. ఆమెన్ అంటూనే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నోట్లో నువ్వుగింజ నానని మనుషుల్ని చాలామందిని చూశాను గానీ, ప్రార్థన చేసి కొంప ముంచిన మనిషిని చూడడం అదే మొదలు.

సోమవారం కాటా ఎక్కిన మొదటావిడ తన బరువెంతని అడగలేదు. నడిపేదెవరని అడిగింది. చెప్పాను. కడుపులో బాగాలేదని దిగిపోయింది. ఆవిడ వెనక ఉన్నాయనకి ఇంటి దగ్గర పని గుర్తొచ్చింది. మూడో ఆవిడ పంది ఈనుతోందట. ఆరోజు ఫెలెతి ఏడు చేమదుంపల బస్తాలు వేసుకుని వెళ్లాడు.

మంగళవారం కూడా అంతే జరిగితే, నా గదిలోకి వచ్చి తలుపు మూశాడు.

"నువ్వే కదరా? నేను చెప్పింది ఇద్దరికే. అత్త చెప్పదు."

నా ఒళ్లు మండిపోయింది. మీ అత్తేరా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అమ్మయినా నాన్నయినా అతనికి ఆవిడ ఒక్కతే. ఆ మాట నా నోటి నుంచి వినకూడదని మింగేశాను. మాట్లాడకపోయేసరికి అతను నన్ను దొంగని చూసినట్టు చూసి వెళ్లిపోయాడు. ఆ శుక్రవారం నేను రాజధానిలో పన్ను పీకించుకుని, ఓడలో తిరిగొచ్చి, దవడ వాచి పడి ఉంటే, ఎలా ఉన్నావని అడిగిన పాపాన పోలేదు. ముప్పై ఏళ్ల స్నేహానికి నాకు దక్కింది అదీ.

తర్వాతి వారం పాస్టరుగారి భార్య దారిలో అతన్ని ఆపి, నీ కళ్ల కోసం అందరం ప్రార్థిస్తున్నాం బాబూ, ఆరోజు మీ అత్త ఎంత ఏడ్చిందో, అని చెయ్యి పట్టుకుందట. అతను తిన్నగా నా దగ్గరికి వచ్చి కాటా మీద కూలబడ్డాడు. నన్ను క్షమించమనలేదు, నేనూ అనమనలేదు. వెళ్లి ఆవిడని అడగమన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"ఆస్పత్రివాళ్లు చెప్పుంటే కోర్టుకెళ్లేవాణ్ణి. నువ్వు చెప్పుంటే పళ్లు రాలగొట్టేవాణ్ణి. ఈవిడని ఏం చెయ్యనురా?"

అప్పటికే కంపెనీవాళ్లు తేల్చి చెప్పేశారు. నెలాఖరులోగా సీట్లు నిండకపోతే అతన్ని విమానం దించి ఆఫీసులో కూర్చోబెడతారు. ఒత్తిడి పదహారని రాసిన కాగితం చూపిస్తే, కాగితం కాదు, జనాన్ని చూపించమన్నారట.

నెల ఇరవై ఎనిమిదిన అత్త వచ్చింది. రాజధానిలో వరసకి తమ్ముడయ్యే ఆయన కొడుకు పెళ్లి. మేనత్త వచ్చి కూర్చోందే మా దగ్గర పెళ్లి మొదలు కాదు. సముద్రం మంచి పోటు మీద ఉంది, ఆవిడకి ఓడ అసలే పడదు. ఆ పెళ్లికే వెళ్లే ఆడవాళ్లు ఏడుగురు గోడవారన నిలబడి, ఆవిడ ఏం చేస్తుందా అని చూస్తున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ వెళ్లి ముందు సీట్లో కూర్చుంటే చాలు, మిగతావాళ్లు ఎక్కకుండా ఉండలేరు. ఫెలెతి కూడా బయటికి వచ్చి నిలబడ్డాడు. పదిహేను రోజుల తర్వాత అతని మొహంలో కాస్త కళ కనిపించింది.

ఆవిడ పెళ్లికి కానుకగా తెచ్చిన చాపల కట్ట కింద పెట్టింది. ఒక కాలు కాటా మీద పెట్టి, నా వైపు వంగి, గొంతు తగ్గించింది.

"నాయనా మాకా, ఇవాళ వేరే పైలట్ ఎవరూ లేరా?"

ఎంత తగ్గించినా ఫెలెతి రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆవిడ తలెత్తి అతన్ని చూసింది. కాలు వెనక్కి తీసుకుంది.

"నాకు భయంరా," అంది. "మీ నాన్న కూడా ఇలాగే అనేవాడు, నాకు బాగానే కనిపిస్తోందక్కా అని."

అతను చాపల కట్ట భుజానికెత్తుకుని, రేవుకెళ్లే ట్రక్కుదాకా మోసి, ఆవిడని చెయ్యి పట్టి ఎక్కించాడు. గోడవారన ఉన్న ఏడుగురూ వెళ్లి అదే ట్రక్కు ఎక్కారు.

తిరిగొచ్చి నా బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. "నా కళ్లు బాగుచెయ్యమని దేవుణ్ణి అడిగింది కదరా," అన్నాడు. "ఆయన బాగుచేశాడంటే మాత్రం నమ్మదు."

నేను ఆవిడని నోటికొచ్చినట్టు తిట్టాను. నమ్మించి గొంతు కోసిందన్నాను. పెంచిన చేత్తోనే పొడిచిందన్నాను. అతను అంతా విని, మెల్లగా అడిగాడు.

"పన్ను పీకించుకోడానికి నువ్వెందులో వెళ్లావు?"

ఓడలో వెళ్లాను. విమానం నా గుమ్మం ముందే ఆగుతుంది, నాకు టికెట్ కూడా అక్కర్లేదు, అయినా వెళ్లడమూ రావడమూ ఓడలోనే. అతని మీద కోపంతో అలా చేశానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. తిలాపాపం తలా పిడికెడు అన్నారు. నా పిడికెడు నేనూ తీసుకున్నాను.

ఇక తూచడానికి అక్కడెవరూ లేరు. నేనే కాటా ఎక్కాను. నూట పద్దెనిమిది కిలోలు. జాబితాలో నా పేరు రాసుకుని, వెళ్లి అతని పక్కన ముందు సీట్లో కూర్చున్నాను. వెనకంతా చేమదుంపల బస్తాలు. విమానం కుదుపు లేకుండా లేచింది, కుదుపు లేకుండా దిగింది. కింద మా వాళ్ల ఓడ కనిపించిందో లేదో నాకు తెలియదు. ఆ ఎనిమిది నిమిషాలూ నేను అతని కళ్లే చూస్తూ కూర్చున్నాను. అతను ఒక్కసారి కూడా నా వైపు తల తిప్పలేదు. తిప్పక్కర్లేదు, చూపు అంచుల పరీక్షలో నెగ్గిన మనిషి. నేనేం చూస్తున్నానో అతనికి కనిపిస్తూనే ఉంది.