చేతులు గీసిన పుట

మా ఇంట్లో డిగ్రీ వరకు చదివినది నేనొక్కదాన్నే. అందువల్లే కావచ్చు, ఏ పని చేసినా ముందుగా నియమాలు రాసుకోవడం నాకు అలవాటు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో ఉంటున్న నాలాంటి క్వీర్ మనుషుల, అంటే ఆడామగా ప్రేమల చట్రంలో ఇమడనివాళ్ళ చిత్తరువులతో, వారి మాటలతో ఒక చిన్న పుస్తకాన్ని సొంతంగా అచ్చు వేయాలనుకున్నప్పుడు నేను రాసుకున్న మొదటి నియమం, ఎవరి ముఖమూ గీయకూడదని.

ఏడుగురు ఒప్పుకున్నారు. వారిలో ఒకామె కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం జల్లెడ పట్టే కూలీ. తాను ప్రేమించిన స్త్రీతో కలిసి అద్దె గదిలో ఉంటుంది. అక్కాచెల్లెళ్ళమని ఇంటి యజమానికి చెప్పుకున్నారు. నేనూ ఆమెను అక్కా అనే పిలుస్తాను. ఫోన్‌లో తీసుకున్న ఫొటో చూసి, జల్లెడ పట్టుకున్న ఆమె చేతులు గీశాను. మణికట్టు మీది తేలు పచ్చబొట్టును, వంకరగా అతుక్కున్న చిటికెన వేలును ఎంతో శ్రద్ధగా గీశాను. బొమ్మ కింద, ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారో ఆమె దాచకుండా చెప్పిన మాటలు వేశాను. ముఖం లేదు కదా అన్న ధీమాతో, పూర్తయిన బొమ్మను ఆమెకు చూపలేదు.

జనగామలో పెండ్లిపత్రికలు వేసే ఒక చిన్న ప్రెస్సులో పని మొదలైంది. మరునాడు మధ్యాహ్నం వెళ్ళేసరికి, ఆ పుట తాలూకు రంగు కుదరని తొలి కాగితాలు అక్కడ లేవు. ప్రెస్సు యజమానిని అడిగాను.

"ఎప్పటిలెక్కనే స్టేషన్ కాడ బజ్జీలమ్మే అవ్వకిచ్చిన చెల్లె. పొట్లాలకు పనికొస్తయి గద."

జనగామ స్టేషన్‌లో బజ్జీలు కొనుక్కుని రైలెక్కినవాళ్ళు కేసముద్రంలోనూ దిగుతారు. పరుగెత్తాను. పాత వార్తాపత్రికలు ఇచ్చి, మిగిలిన కాగితాలు వెనక్కి తీసుకున్నాను. ఇరవై ఇచ్చానన్నాడు ప్రెస్సు అన్న. నా చేతికి వచ్చినవి పదమూడు. ఆ కాగితం నూనె పీల్చదని అవ్వ నన్నే తప్పుపట్టింది. రైలు వెళ్ళి చాలాసేపయిందని కూడా చెప్పింది.

ప్లాట్‌ఫారం చివర నిలబడి అక్కకు ఫోన్ చేశాను. జరిగినదంతా చెప్పి, ముఖం లేదు కాబట్టి ఎవరూ గుర్తుపట్టరని నచ్చజెప్పబోయాను.

"పచ్చబొట్టు గీసినవా?"

"గీసిన అక్కా."

"యార్డుల దుమ్ముకు అందరం మొఖాలకు బట్ట కట్టుకుంటం. పొద్దంత ఒకలనొకలు చేతులు చూసే గుర్తుపడ్తం. గంత చదువుకున్నవ్, నన్నొక్కమాట అడగాల్నని తెల్వదా?"

 పుట తీసేయమంది. గది ఖాళీ చేయమంటే ఇద్దరం ఎటు పోవాలని, కోపం లేకుండానే అడిగింది.

ఆ పుట ఆపమని ప్రెస్సు అన్నకు చెప్పాను. కారణం అడుగుతాడని భయపడ్డాను, అడగలేదు. అతను అది చదివాడో లేదో నాకిప్పటికీ తెలియదు. మిగిలిన ఆరుగురికీ వారి బొమ్మలు తీసుకువెళ్ళి చూపించాను. భూపాలపల్లి గనిలో పనిచేసే ఒకతను బూట్లు చెరిపేయమన్నాడు. లింగాల ఘనపూర్‌లో ఉండే ఒకామె తన వెనుక ఉన్న తలుపును బొమ్మలోంచి తీసేయమంది. ఆ రెండూ నేను అందంగా కుదిరాయనుకున్నవే.

పుస్తకం ఆరుగురితో వచ్చింది. పని ముగిశాక అక్క రోజూ ఫోన్ చేసి, "ఇయ్యాల ఎవ్వలేం అనలే" అని పెట్టేస్తుంది. నిన్న గంట ఆలస్యమైంది. ఫోన్‌లో ఛార్జింగ్ లేదట. ఆ గంటసేపు నేను కేసముద్రం వెళ్ళే రైళ్ళ వేళలు చూస్తూ కూర్చున్నాను.