దుమ్ముకి వారంటీ లేదు

ఆస్ట్రేలియాలో ఎర్రమట్టి నేలల నడుమ ఉన్న బర్క్ ఊళ్లో కార్ల షోరూము వెనకగది గ్రేమ్ టూహీది. చెడిపోయిన ఇంజన్‌కి కంపెనీ వారంటీ ఇస్తుందో లేదో చెప్పడం అతని ఉద్యోగం. పొద్దున్నే వచ్చి బల్ల తుడిచి, టీ కలుపుకుని, కప్పు మీద సాసరు మూత పెడతాడు. గుక్క తాగుతాడు, మళ్లీ మూసేస్తాడు. ఎవరి బండి వచ్చినా, ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో చూపుడువేలు పోనిచ్చి, ఎర్రదుమ్ము అంటిన ఆ వేలిని వాళ్ల ముందు నిలబెడతాడు. గొంతు పెంచడు, తగ్గించడు. వేలు తుడుచుకునే గుడ్డ ఎప్పుడో ఇటుకరంగుకి తిరిగింది.

మొన్న నోలీన్ వచ్చింది. దూరాన ఉన్న గొర్రెల ఫారాలకి ఉత్తరాలు చేరవేసే పెద్దావిడ. కొత్త బండి ఇంజన్ ఏడాది తిరక్కుండానే పట్టేసింది. ఆ బండి లేకపోతే ఆవిడకి పని లేదు.

"లోపలికి దుమ్ము పోయిందండీ. దుమ్ముకి వారంటీ రాదు," అన్నాడు గ్రేమ్, వేలు చూపిస్తూ.

"ఈ చుట్టుపక్కల దుమ్ము లేని రోడ్డేదో చెప్పు నాయనా, రేపట్నుంచి దాని మీదే పోతాను."

"రూలు సిడ్నీలో ఉన్న కంపెనీ వాళ్లదండీ, నాది కాదు."

ఆవిడ కోప్పడలేదు. చెయ్యి చాచి, అతని కప్పు మీది సాసరు తీసి బల్ల మీద పెట్టింది.

"నీ టీకి ఉన్నపాటి మూతైనా నా ఇంజన్‌కి పెట్టలేదు మీవాళ్లు," అని లేచి వెళ్లిపోయింది.

వారంటీ వర్తించదని గ్రేమ్ కంప్యూటర్లో కొట్టాడు. తల తిప్పేసరికి చల్లారిన టీ మీద సన్నగా ఎర్రటి పొర తేలుతోంది. కాసేపు దానివంక చూసి, తాగేశాడు. ఖాళీ కప్పు మీద సాసరు మూత పెట్టి, తర్వాతి బండి దగ్గరికి వెళ్లాడు.