వంతెన ఎక్కిన రంగుల మేస్త్రి

ఆయన్ని అందరూ తుప్పు మేస్త్రి అనేవారు. నది మీది ఇనుప వంతెనకు ఇరవై ఆరేళ్లుగా రంగు వేస్తున్నాడు కాబట్టి రంగుల మేస్త్రి అనే అనాలి. కానీ రంగు ఎవరైనా వేస్తారు, తుప్పు గోకడమే అసలు పని అని పనిలో చేరిన ప్రతివాడి చెవిలోనూ ఇల్లు కట్టుకుని పోరి, ఆ పేరు తెచ్చుకున్నాడు.

మనిషి బక్కపలచన, మాట పొదుపు. ఎర్ర లైటు పడితే రోడ్డు మీద పురుగు లేకపోయినా సైకిలు దిగి నిలబడే రకం. క్యూలో ఎవరైనా ముందుకు దూరితే ఆ పూటంతా ఆయన మొహం మాడిపోయి ఉండేది. అలాంటివాడు యాభై ఎనిమిదో ఏట చట్టాన్ని తుంగలో తొక్కి ఊరంతటినీ ఆపేశాడంటే, తెలిసినవాళ్లే ముందు నమ్మలేదు.

అంతా ఒక వేసవిలో మొదలైంది. ఆ వంతెనకు రెండు పక్కలా పెద్ద ఇనుప కమానులుంటాయి. వాటి నుంచి వేలాడే లావుపాటి కడ్డీలే కింద రోడ్డును మోస్తాయి. ఒక కడ్డీ కమానును పట్టుకునే చోట మేస్త్రి తుప్పు గోకుతుంటే, ఇనుము పొలుసులు పొలుసులుగా రాలి, గోకుడు రేకు సగం దాకా లోపలికి దిగబడిపోయింది. పక్క కడ్డీ చూశాడు. అదీ అంతే. సాయంత్రానికి అలాంటివి తొమ్మిది తేలాయి.

సూపర్‌వైజరును పిలుచుకొచ్చాడు. ఆయన కిందే నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"లప్పం పెట్టి రంగు కొట్టెయ్. వచ్చే ఏడు చూద్దాం."

లప్పం గోడల బొక్కలు పూడ్చడానికి. ఇనుములో పోయిన బలం దాంతో తిరిగి రాదు. ఆ మాటంటే, నీకెందుకయ్యా ఇంజనీరింగ్ అని సూపర్‌వైజరు వెటకారం చేశాడు. మేస్త్రి ఆ పని చేయనన్నాడు. మర్నాడు వేరేవాళ్ల చేత చేయించారు. పైన రంగు పడ్డాక కడ్డీలు నిగనిగలాడాయి.

ఆ తర్వాత రెండేళ్లు ఆయన కాగితాల వెంట పడ్డాడు. భార్య బడిలో ఆయా. ఆమె దస్తూరి బాగుంటుంది కాబట్టి అర్జీలన్నీ ఆమే రాసింది. ఒక ఆఫీసులో ముట్టింది అన్నారు. ఇంకోచోట ఇది మా సెక్షను కాదన్నారు. ఒక ఇంజనీరు మాత్రం ఓపిగ్గా విని, లేచి గది తలుపు వేసి, మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు, కానీ వంతెన మూయమని నేను రాస్తే మర్నాడు నా కుర్చీ ఉండదు అని నీళ్లు నమిలాడు.

ఇక లాభం లేదని మేస్త్రి భార్యను బడికి పడవలో వెళ్లమన్నాడు. ఆమె నవ్వింది.

"బళ్లో పిల్లలంతా వంతెన మీద నుంచే వస్తారు. నేనొక్కదాన్నే పడవెక్కి బతికిపోయి ఏం చేసుకోను?"

ఆమె నవ్వుతూ అన్న మాట ఆయనకు ముల్లులా దిగింది. వారం తిరక్కుండానే, లోడు లారీ ఒకటి వెళ్తుండగా కడ్డీల్లోంచి టంగుమని కొత్త చప్పుడొకటి వినిపించింది. ఆ సాయంత్రమే భార్యకు విషయం చెప్పాడు. రేపు పొద్దున కమాను ఎక్కి కూర్చుంటానని, పరీక్ష చేసేదాకా దిగనని.

ఆమె చాలాసేపు బియ్యం ఏరుతూనే ఉంది.

"పడితే?"

"ఇన్నేళ్లలో పడ్డానా?"

"నీ సంగతి కాదయ్యా. నిన్ను చూస్తూ కింద ఎవరైనా పడితే?"

నడుముకు ఏ తాడు కట్టుకోవాలో, ఎక్కడ కూర్చోవాలో అన్నీ ఆలోచించాడు గానీ, అటు బుర్ర పోలేదు. తోటి పనివాళ్ల మీద కేసు పడకూడదని వాళ్లెవరికీ చెప్పను కూడా చెప్పలేదు.

పొద్దున ఎనిమిదింటికి పైకెక్కాడు. పాత దుప్పటి మీద ఎర్ర రంగుతో "ఈ వంతెన పాడైంది, పరీక్ష చేయండి" అని రాసి కమానుకు కట్టాడు. ముందు ఒక ఆటో ఆగింది. దాని వెనక బస్సు. పావుగంట తిరిగేసరికి రెండు వైపులా బస్సులు, లారీలు, బడి వ్యాన్లు చక్రానికి చక్రం ఆనించుకుని వంతెన పొడవునా నిలిచిపోయాయి. జనం మెడలెత్తి చూస్తున్నారు. కొందరు ఫోన్లలో తీస్తున్నారు.

అప్పుడు ఆయన కిందికి చూశాడు.

ఈ వంతెన బరువు మోయలేదని రెండేళ్లుగా మొత్తుకుంటున్నది తనే. మామూలు రోజుల్లో బండ్లు వస్తుంటాయి, పోతుంటాయి. ఇంత బరువు ఒకేసారి దాని మీద ఎప్పుడూ నిలబడలేదు. ఇవాళ నిలబెట్టింది తనే. పక్కనున్న కడ్డీ మీద చెయ్యి వేస్తే సన్నగా మూలుగుతోంది.

"బండ్లు తీయించండి," అని గొంతు చించుకుని అరిచాడు. కిందివాళ్లకు సరిగా వినపడలేదు. దూకేస్తానంటున్నాడని అనుకున్నారు.

కమాను మొదట్లో ఎత్తు తక్కువ. అక్కడి నిచ్చెన పట్టుకుని ట్రాఫిక్ కానిస్టేబులు ఒకాయన రొప్పుతూ పైకొచ్చాడు. పెద్దాయనా, ఏదున్నా కింద మాట్లాడుకుందాం రమ్మని బుజ్జగించబోయాడు.

"సార్, నన్ను తర్వాత దింపుదురు గాని. ముందు ఆ బస్సులు పంపించండి. ఇదిగో, ఇక్కడ వేలు పెట్టి చూడండి."

మేస్త్రి లప్పం గోకి చూపించాడు. కానిస్టేబులు వేలు పెట్టాడు. రెండో కణుపు దాకా లోపలికి పోయింది. ఆయన గబగబా దిగిపోయి, రెండు చివర్లా కొత్త బండ్లు రాకుండా ఆపించి, ఉన్నవాటిని ఈల ఊదుకుంటూ ఒక్కొక్కటే వెనక్కి పంపాడు. ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా మేస్త్రి కడ్డీ మీద చెయ్యి తీయలేదు, తను పట్టుకుంటేనే అది నిలబడుతుందన్నట్టు.

వంతెన ఖాళీ అవుతుంటే, రోడ్డు మీద పసుపుపచ్చ చీర ఒకటి కనిపించింది. అది చీర కాదు, మనిషి. ఆమె దర్జీ. స్కూటరు మీద వస్తూ, అందరూ పైకి చూస్తున్నారని తనూ చూసి, ఆగి ఉన్న వ్యానును గుద్దేసింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది. అంబులెన్సుకు దారి లేక అరగంట రోడ్డు మీదే పడి ఉంది.

పరీక్ష చేయందే వంతెన తెరవనని కానిస్టేబులు భీష్మించాడు. ఇంజనీర్లు వచ్చారు. పాడైన కడ్డీలు తొమ్మిది కాదు, పదకొండు. వంతెన ఐదు నెలలు మూసేశారు. పత్రికలు మేస్త్రిని ఆకాశానికెత్తాయి. ఆఫీసు ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. రోడ్డు అడ్డగించినందుకు కోర్టు ఇరవై రోజులు జైల్లో పెట్టింది. అప్పీలు చేద్దామని లాయరు అంటే, మేస్త్రి వద్దన్నాడు.

జైలు నుంచి వచ్చిన మూడో రోజు దర్జీ ఇంటికి వెళ్లాడు. ఒక్కడే వెళ్తానంటే భార్య ఒప్పుకోక వెంట వెళ్లింది. చిన్న గది. కిటికీ పక్కన తొక్కుడు మిషను, దాని మీద సగం కుట్టిన బడి యూనిఫారాలు. ఆమె కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుంది.

"పేపర్లో మీ ఫొటో చూశాను. నా గురించి ఒక్క ముక్క లేదు," అంది.

ఆయన నిలబడే ఉన్నాడు.

"మా పాప బడి వ్యాను రోజూ ఆ వంతెన మీదే వెళ్లేది. అందుకని మీ మీద కోపం తెచ్చుకుందామన్నా కుదరదు. ఈ కాలు చూసుకుంటే మాత్రం వస్తుంది."

"రావాలమ్మా."

"బండ్లు అటూ ఇటూ ఆపించి ఎక్కాల్సింది."

"ముందే చెబితే నన్ను ఎక్కనివ్వరు కదా."

"మీవాళ్లు నలుగురు రెండు చివర్లా అడ్డం నిలబడాల్సింది. అప్పుడు వంతెన మీద ఎవరూ ఉండేవాళ్లం కాదు."

వాళ్ల మీద కేసులు పడతాయని చెప్పలేదన్నాడు మేస్త్రి. ఆమె "వాళ్లకు పడకుండా చూశారు, నాకు పడింది," అంది. ఆ మాటలో విసురు లేదు. అందుకే ఆయనకు మరీ కష్టంగా తోచింది.

ఆ వారంలోనే ఆయన ఒక మోటారు సంపాదించి తెచ్చి, కాలితో పని లేకుండా ఆమె మిషనుకు బిగించాడు. ఆమె ఒక గుడ్డపేలిక కుట్టి చూసి, కుట్టు కొంచెం వదులుగా పడుతోందంది. సరిచేశాడు. వెళ్లొస్తానంటే తలాడించింది. క్షమించానని అనలేదు, ఆయనా అడగలేదు. ఆ కాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తుంది.

తర్వాత మేస్త్రి గేట్లకు, కిటికీ ఊచలకు రంగులేసుకుంటూ బతుకు నెట్టుకొచ్చాడు. ఏడాది తిరిగాక మురుగుకాలువల పనివాళ్లు కొందరు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. కాలువలోకి దిగి, విషగాలికి ఇద్దరు చచ్చిపోయినా ముసుగులు ఇవ్వడం లేదట. ఈ వారంలో ఆస్పత్రి కూడలిలో రోడ్డుకు అడ్డంగా కూర్చుంటున్నాం, మీరు ముందుండాలి అన్నారు.

"అంబులెన్సు ఏ దారిన పోతుంది?" అని అడిగాడు మేస్త్రి.

వాళ్లు మొహాలు చూసుకున్నారు. పోరాటమన్నాక ఇవన్నీ చూసుకుంటూ కూర్చుంటామా, మీరు చూశారా ఆ రోజు అన్నాడు ఒకతను.

"చూడలేదు. అందుకే అడుగుతున్నా. అది తేల్చుకుని రండి, నేనూ వస్తాను."

వాళ్లు ముఖాలు ముడుచుకుని వెళ్లిపోయారు. రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చారు, కాగితం మీద కూడలి బొమ్మ గీసుకుని. ఒక పక్క దారి వదిలేశారు. దాని దగ్గర ఎవరు నిలబడాలో ఖాయం కాలేదన్నారు.

ఆ చోట మేస్త్రి నిలబడ్డాడు. పక్కన ఆయన భార్య. సాయంత్రం దాకా ఆ దారి మూసుకుపోనివ్వలేదు. దీపాలు పెట్టే వేళకు పోలీసులొచ్చి అందరితోపాటు వాళ్లిద్దర్నీ వ్యాను ఎక్కించారు. ఆమె ఆయన పక్కన సర్దుకుని కూర్చుని, వీధి తలుపుకు తాళం వేశానో లేదో గుర్తు రావట్లేదని స్టేషను చేరేదాకా సణుగుతూనే ఉంది.