పెట్టె బయట పెట్టని రూము అవ్వ

సారపాకలో కాగితం మిల్లు గేటు ముందు భద్రాచలం బస్సు ఎక్కుతుంటే కండక్టరు నన్ను గుర్తుపట్టి చెప్పాడు. "మీ రూము అవ్వ పోయిందట గద తమ్మీ. పొద్దున పాల్వంచల ఎక్కినోళ్లు అనుకుంటుండ్రు." ఎక్కిన కాలు దింపేశాను. ఎదురుగా వస్తున్న పాల్వంచ బస్సుకు పరుగెత్తాను.

నిద్రలోనే పోయిందట. నేను వెళ్లేసరికి వాకిలి నిండా మనుషులు. సగం మంది ఆ ఇంటి వెనక రెండు గదుల్లో ఎప్పుడో ఒకప్పుడు కిరాయికి ఉండి చదువుకున్నవాళ్లే. మాలో ఎవరికీ ఆమె చుట్టం కాదు. అయినా పాడె మోయడానికి పోటీ పడ్డాం. మోస్తూ కూడా ఎవడో ఆమె మాట ఒకటి గుర్తు చేస్తే నవ్వు ఆగలేదు. చూసినవాళ్లు ఏమనుకున్నారో అనుకోనీ. ఆమె గురించి ఏడుస్తూ రాయమంటే నా వల్ల కాదు.

ఆమె భర్త మిల్లుకు వెదురు తోలే లారీల మీద అడవంతా తిరిగిన మనిషి. ఆయన పోయాక వెనక గదులు కాలేజీ పిల్లలకు ఇచ్చింది. థర్మల్ కరెంటు కేంద్రం సైరన్ మోగగానే లేచేది, మమ్మల్ని లేపేది. "షిఫ్టోళ్లు పోతుండ్రు, మీరింక పండుకునే ఉండుర్రి" అని తలుపు మీద చీపురుకట్టతో కొట్టేది. చదువు రాదు. కానీ నేను బస్టాండులో పంచితే తెచ్చుకున్న కరపత్రాలన్నీ బియ్యంలో రాళ్లేరుకుంటూ నాతో చదివించుకుని వినేది. సమసమాజం మీద ఒక కరపత్రాన్ని గొంతు పోయేలా చదివి, ఎట్లుందవ్వా అంటే, ఇంకో రాయి ఏరి పారేసి అడిగింది: "మంచిగనే ఉంది బిడ్డా. ఇందుల బువ్వ వండేదెవరు?"

నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఏ కరపత్రంలోనూ దొరకలేదన్న సంగతి మాత్రం ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఇంటర్లో చేరేటప్పుడు మధిర నుంచి రావాల్సిన నా దోస్తూ నేనూ ఒకే గదిలో ఉందామనుకున్నాం. వాడు ముందు వేరే కాలేజీలో చేరడంతో ఇక్కడికి రావడం ఆలస్యమైంది. ఈలోగా కాలేజీ ఆఫీసు ముందు రేకుపెట్టె మీద కూర్చున్న జోగయ్య కనబడ్డాడు. పర్ణశాల దాటి లోపలికి నడిచిపోయే ఒక కోయగూడెం వాడిది. హాస్టల్లో సీటు రాలేదు, ఊళ్లో గది ఎవరూ ఇవ్వలేదు. నా నెత్తురు ఉడికింది. "నా రూముకు రా. మనమంతా ఒక్కటే" అని పెట్టె నేనే నెత్తిన పెట్టుకున్నాను. ఆ సాయంత్రమే వాణ్ణి కూర్చోబెట్టి దేవుళ్లు, మొక్కులు, మూఢనమ్మకాల మీద గంటసేపు దంచాను. వాడు తల ఊపుతూ విన్నాడు. నన్ను మించినవాడు లేడనుకున్నాను.

చలికాలం వచ్చేవరకు బాగానే ఉన్నాం. అవ్వ పెరట్లో చిక్కుడు పందిరి విరగకాసింది. "కోసుకోర్రి బిడ్డా" అంటే ఇక నా వంటంతా చిక్కుడుకాయ కూరే. ఒకరోజు నేను, ఒకరోజు వాడు వండాలన్నది మా ఒప్పందం. నేను చిక్కుడు వండినప్పుడల్లా జోగయ్య అన్నంలో ఉప్పూ పచ్చిమిరపకాయా నంజుకుని లేచిపోయేవాడు. వాడి వంతు రోజు పందిరి వైపే చూడకుండా పప్పు వండేవాడు. నాలుగోసారి నేను గిన్నె విసిరికొట్టాను.

"నేను వండితే నీకు ముద్ద దిగదా?"

"గట్ల గాదు. ఆకలైతలేదు."

"ఉప్పు మిరపకాయలకు అవుతది గదా ఆకలి!"

వాడు కింద పడ్డ కూర ఎత్తి గిన్నెలో వేసి, నేల తుడిచాడు. దాంతో నా కోపం ఇంకా పెరిగింది. సరిగ్గా అప్పుడే మధిర దోస్తు దిగాడు. "ఏమిట్రా, నాకు మాటిచ్చి వాణ్ణి పెట్టుకున్నావా? నువ్వు వండింది తినని వాడితో ఎందుకురా నీకు?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. మనమంతా ఒక్కటే అన్న నోటితోనే అవ్వ దగ్గరికి పోయి, జోగయ్యను పంపించేయమన్నాను. వాడికి ఇంకో గది దొరకదని, పెట్టె తీసుకుని గూడెం పోతే చదువు అక్కడితో సరి అని నాకు తెలుసు. తెలిసే అడిగాను.

అవ్వ బియ్యం చాట పక్కన పెట్టింది. "సరే. పంపిస్త. గని ముందుగాల వాని ఇంటికి పోయి ఒక్క పూట తినిరా. వచ్చినంక గూడ వద్దంటే, వాని పెట్టె నేనే బయట పెడ్త."

అదేం షరతు అని ఎగిరాను. ఆమె మళ్లీ రాళ్లేరుకోవడంలో పడింది.

సెలవులకు నీ ఊరొస్తానంటే జోగయ్య ముఖం వెలిగిపోయింది. నేనెందుకు వస్తున్నానో వాడికేం తెలుసు! వట్టి చేతులతో పోకూడదని పందిరి కింద స్టూలెక్కి సంచి నిండా చిక్కుడుకాయలు కోశాను. కింద నిలబడి అవ్వ చూస్తోంది.

"ఏడికి గవి?"

"వాళ్లమ్మకు."

"అట్లనా! లేతయి చూసి కొయ్యి బిడ్డా. ఇంకో నాల్గు ఎక్కువ కొయ్యి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భద్రాచలంలో బస్సు మారి, పర్ణశాల దాటాక దిగి, పొద్దు వాలేదాకా నడిచాం. జోగయ్య తల్లి కాళ్లకు నీళ్లిచ్చింది. నేను దర్జాగా సంచి విప్పి ఆమె ముందు గుమ్మరించాను.

ఆమె చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. ఒక చిన్నపిల్ల కిసుక్కుమంది. జోగయ్య నా చెవిలో చెప్పాడు: "మా ఊర్ల ఇంకా చిక్కుడు కొత్తల పండుగ కాలే. దేవర్లకు పెట్టకముందు చిక్కుడు మేమెవ్వరం నోట్ల పెట్టం. ఏ ఊర్లున్నా గంతే. ఇంట్లకు గూడ తేం."

చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. ఇంతలో ఊరి పూజారి వచ్చాడు. ఆ కుప్పను చూశాడు, నన్ను చూశాడు, కోయలో ఏదో అన్నాడు. గూడెం గూడెమంతా ఒక్కసారి గొల్లుమంది.

"ఏమన్నడు?" అన్నాను భయంగా.

"పాల్వంచ పిలగాడు పండుగను సంచిల ఏస్కొచ్చిండు అంటున్నడు. ఎల్లుండే పండుగ. సంచిని బయట చెట్టుకు కట్టుండ్రి, పిలగాణ్ణి గూడ అందాక ఇడువొద్దు అంటున్నడు."

ఆ రెండు రోజులు గూడెంలో నా కంటే నా సంచికే ఎక్కువ మర్యాద. వచ్చినవాళ్లంతా చెట్టు దగ్గర ఆగి దాన్ని చూసి, తర్వాత నన్ను చూసి నవ్విపోయేవాళ్లు. ఒక ముసలాయన రోజుకు రెండుసార్లు వచ్చాడు.

మొదటి రాత్రి మంచం మీద పడుకుని జోగయ్యను అడిగాను, నాకెందుకు చెప్పలేదురా అని.

"మొదటి రోజే గిసుంటియన్నీ మూఢనమ్మకాలంటివి గద. చెప్తే నవ్వుతవనుకున్న. నవ్వితే నవ్వితివి గని, రూములకెల్లి ఎల్లగొడ్తే నేనేడికి పోవాలె?"

నేను అటు తిరిగి పడుకున్నాను. వాణ్ణి పంపించేయమని అవ్వను అడిగే వచ్చానని ఎట్లా చెప్పను? పొద్దున లేచి చెప్పేశాను. వాడు చాలాసేపు పళ్లు తోముకున్నాడు. ఆఖరికి పుల్ల విసిరేసి, "గిన్నె మాత్రం సొట్టపోయింది, కొత్తది నువ్వే తేవాలె" అన్నాడు.

పండుగనాడు దేవర్లకు పెట్టాక, వాడిపోయిన నా కాయలు కూడా ఒక పిడికెడు కుండలో కలిపారు. విస్తరాకులో వడ్డించిన ఆ చిక్కుడు మొదటి ముద్ద జోగయ్య కళ్లు మూసుకుని తిన్నాడు. నెలరోజులుగా నేను తింటున్న కాయే అది. అంత రుచి దానికి ఎక్కడినుంచి వచ్చిందో నా పుస్తకాలన్నీ తిరగేసినా చెప్పలేను.

మేం తిరిగొచ్చేసరికి మధిర దోస్తు పెట్టెతో సహా వరండాలో కూర్చుని ఉన్నాడు. అవ్వ వాడి చేత చిక్కుడు గింజలు ఒలిపిస్తోంది.

"తిన్నవా?" అంది నన్ను చూసి.

"తిన్న."

"మరి ఎవని పెట్టె బయట పెట్టాలె?"

"నాది పెట్టవ్వా."

ఆమె నవ్వుకు పెరట్లో కోళ్లు బెదిరాయి. దోస్తు రెండు రోజులు మూతి ముడుచుకుని, పక్క గదిలో చేరి, మూడో రోజు నుంచి మా గదిలోనే తిన్నాడు. ఆ రాద్ధాంతమంతా ముగిశాక అవ్వను నిలదీశాను, పండుగ సంగతి నీకు ముందే తెలుసు కదా అని.

"అవ్, తెల్సు. మా ఆయన ఆ అడవంత తిరిగినోడు గద."

"మరి కాయలు కోసేటప్పుడన్నా చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు దాని మీద ఓ కాయితం రాసి గోడకు అంటిస్తుంటివి. తెలుసుకునేటోనివి గాదు."

ఆ తర్వాతి ఏడు పండుగకు జోగయ్య తల్లి అవ్వను కూడా రమ్మని కబురు పంపింది. మోకాళ్ల నొప్పులంటూనే బస్సెక్కింది. డోళ్లు మోగాయి. ఆడవాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరస కట్టి ఆడుతుంటే, చెప్పులు నా చేతికిచ్చి తనూ పోయి వరసలో దూరింది. ఆమె అడుగు ఎప్పుడూ ఒకటి వెనకే. అందరూ కుడికి ఊగితే తను ఎడమకు. జోగయ్య తల్లి రెండుసార్లు సరిదిద్దబోయింది. మూడోసారి మానేసి, తనే అవ్వ అడుగు పట్టుకుంది. ఆమె పక్కనామె, ఆ పక్కనామె. కాసేపటికి వరస మొత్తం మా రూము అవ్వ అడుగులోనే ఊగుతోంది. డోలు కొట్టేవాడు తలెత్తి చూసి, నవ్వి, దరువు మార్చాడు.