స్పీకరు ముందు నుంచా, వెనక నుంచా

ఈ ఉదయం మా ఆయన ఫోనులో ఎవరో కుర్రాడు గిటారు స్పీకరు పెట్టెలు రెండు ముందేసుకుని, ఏది మంచిదో మా వీధి వీధంతటికీ వినిపించేలా చెబుతున్నాడు. "కాస్త తగ్గించండి" అని వంటింట్లోంచి అరిచాను. అరిచానని కూడా ఆయనకి తెలియలేదు. స్టవ్ కట్టేసి వెళ్ళి నేనే తగ్గించాను. ఈ పెట్టెల గొడవ నాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. దాని మీద ఆయనా, మా తమ్ముడూ కలిసి నా ఆదివారాలు ఎన్ని తగలేశారో దేవుడికే తెలియాలి.

తెలియనివాళ్ళకి చెప్పాలి కదా. పెట్టె ముందు చెక్కకి గుండ్రంగా కన్నం కోస్తారు. స్పీకరుని బయటినుంచి అందులో కూర్చోబెట్టి మరలు బిగిస్తే ఒక రకం. పెట్టె లోపలికి చెయ్యి పోనిచ్చి చెక్క వెనక బిగిస్తే రెండో రకం. మొదటిది వాకిట్లో నిలబడి పిలిచినట్టూ, రెండోది గుమ్మం లోపలినుంచి పిలిచినట్టూ మోగుతుందట. ఇంతే! బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మా ఆయనది ముందు పక్షం, తునిలో ఉండే మా తమ్ముడిది వెనక పక్షం. ఇద్దరికీ గిటారు పిచ్చి. వాడు ఆదివారం పొద్దున్నే చంకలో స్పీకరు పెట్టుకుని మా రాజమండ్రిలో రైలు దిగేవాడు. కాఫీ అయినా పూర్తిగా తాగకుండా పెట్టె విప్పేవారు. విప్పిన మరలు దొర్లిపోకుండా నా పోపుల డబ్బాలో వేసేవారు. ఓసారి పులుసులో మర వచ్చింది. వచ్చింది కూడా మా అత్తగారి కంచంలోకి. ఆవిడ దాన్ని కంచం అంచున పెట్టి, "ముక్క ఉడకలేదమ్మాయ్" అన్నారు. నా పరువు పోయింది. వాళ్ళిద్దరూ తలైనా ఎత్తలేదు.

"వెనక చెక్క విప్పడానికి బద్ధకమేసి మీరు ముందంటున్నారండి బావగారూ" అనేవాడు వీడు. "నీ చెవులు తునిలో మర్చిపోయొచ్చావేంటోయ్?" అనేవారు ఆయన. మా వైపు బావా బావమరుదులంటే అంతే. ఎన్ని అండీలు తగిలించినా, బావ మాటకి బావమరిది సరేననడం మా ఇంటా వంటా లేదు. మా నాన్నగారూ మా మావయ్యా కూడా అలాగే పోట్లాడుకున్నారు.

కిందటేడు ఓ ఆదివారం తమ్ముడు తగువు తేల్చేస్తానని ఒకే కొలతతో రెండు పెట్టెలు చేయించుకొచ్చాడు. ఒకదాంట్లో స్పీకరు ముందు, రెండోదాంట్లో వెనక. ఏది ఏదో కనబడకుండా వాటిమీద నా కొత్త దుప్పటి కప్పేశాడు. బావగారిని కుర్చీలో కూర్చోబెట్టి, గిటారు వైరు మొదట ఒక పెట్టెకీ, తరవాత రెండోదానికీ తగిలించి వాయించాడు. మొదటిదానికి ఆయన తలాడించారు. రెండోదాంట్లో వాడు సన్న తీగ మీద పైకి పోతూ వాయిస్తుంటే వంటింట్లో నాకు ఖణేల్మని వినిపిస్తోంది. ఆయన మాత్రం, "సన్న తీగ వాయించవేంటోయ్?" అన్నారు. వాడు మళ్ళీ వాయించాడు. "వాయించు మరి!" అన్నారు.

వాడు నావైపు చూశాడు. అప్పటికి ఏడాదిగా ఆయన ప్రతి మాటా నాచేత రెండుసార్లు చెప్పిస్తుంటే అది పెంకితనం అనుకుని విసుక్కున్నాను. అప్పుడర్థమైంది. వాడు మెల్లిగా దుప్పటి తీసి, "మీరన్నదే రైటండి బావగారూ. ముందు బిగించిందే బాగుంది" అన్నాడు.

ఆయన ఎగిరి గంతేస్తారనుకున్నాను. లేచి గిటారు వైరు చుట్టబెట్టడం మొదలెట్టారు. వాడు రైలుకి వెళ్ళాక, "వాడు ఒప్పుకున్నాడంటే, నాకు నిజంగానే వినపడటం లేదన్నమాటే కదా?" అని అడిగారు. నాకు ఏడుపొచ్చింది.

తమ్ముడు ఇప్పటికీ వస్తాడు. ఆయన ఏమన్నా అవునంటాడు. ఇల్లు ఎంతో ప్రశాంతంగా ఉంది, నాకు ఒళ్ళు మండిపోతోంది. ఒక్కసారి కాదనరా, నీ సొమ్మేం పోయింది అని వాణ్ణి పట్టుకుని దులిపెయ్యాలనిపిస్తుంది. కాలం మనుషుల జోలికి వచ్చేముందు వాళ్ళ తగువుల్ని తీసుకుపోతుందని నాకెవరూ చెప్పలేదు.